మాన్పించడం నేర్చుకునేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తాగుడు, మత్తు మాత్రలు, పొగాకు వంటి వ్యసనాలకు చికిత్స చేసే పని ఎలా నేర్చుకోవాలని ఈ నెల చాలామంది అడిగారు. రాసినవారిలో నర్సులు, డాక్టర్లు, కౌన్సెలర్లు ఉన్నారు. అందరూ బెంగళూరులో ఉంటున్న తెలుగువారే. కొన్ని ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండు రోజుల ఆన్‌లైన్ తరగతులు వింటే ‘అడిక్షన్ కౌన్సెలర్’ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేరమంటారా?
– విద్యార్థిని, బొమ్మనహళ్లి

ఆ డబ్బు దాచుకోండమ్మా. రెండు రోజుల్లో నాలుగు పదాలు వస్తాయి, పని రాదు. ఈ పని ఇంకొకరు పక్కన కూర్చుని తప్పులు దిద్దితేనే వస్తుంది. అందుకే ఏ కోర్సులోనైనా చేరేముందు ఇవి అడగండి: రోగుల్ని నేరుగా చూసే గంటలు ఎన్ని? నేను మాట్లాడిన తీరును విని ఎవరు దిద్దుతారు, వారానికి ఎన్నిసార్లు? డాక్టరు, నర్సు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఒకే రోగి గురించి కలిసి మాట్లాడుకునే రౌండ్లు ఉంటాయా? డిశ్చార్జి అయ్యాక రోగుల్ని ఎన్నాళ్లు కనిపెట్టి ఉంటారు? వీటికి సరైన జవాబు రాకపోతే సర్టిఫికెట్ మీద ఎంత పెద్ద ముద్ర ఉన్నా లాభం లేదు.

మీ చదువుకు సరిపోయే దారి మీరుంటున్న బెంగళూరులోనే ఉంది. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్. రెండేళ్ల కోర్సు. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. అక్కడి అడిక్షన్ మెడిసిన్ కేంద్రంలో తాగుడు, పొగాకు, గంజాయి, నల్లమందు జాతి మత్తులు, మొబైల్ వ్యసనం దాకా అన్ని రకాల కేసులూ వస్తాయి. ఎం.డి. సైకియాట్రీ చేసిన డాక్టర్లకు అదే సంస్థలో అడిక్షన్ సైకియాట్రీలో డి.ఎం. (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ఉంది. ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారు నిమ్హాన్స్ వర్చువల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ చూడండి. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి చికిత్స కోసం మొదలుపెట్టిన ‘ఎకో’ పద్ధతి దీనికి మూలం. వీడియోలో అందరూ కలుస్తారు, ఒకరు తమ రోగి కేసు చెబుతారు, నిపుణులతో పాటు మిగతావాళ్లూ దాన్ని చర్చిస్తారు. ఉపన్యాసం విన్నదానికంటే తన కేసును నలుగురి ముందు పెట్టినవాడికే ఎక్కువ వస్తుంది. కాబట్టి చేరితే వినడంతో ఆగకండి.

చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టి.టి.కె. ఆసుపత్రి కూడా కౌన్సెలర్లకు శిక్షణ ఇవ్వడంలో పాతకాపు. కొలంబో ప్లాన్ అనే ఆసియా దేశాల సహకార సంస్థ తయారుచేసిన యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరిక్యులమ్ అనే పాఠ్యక్రమం పేరు ఎక్కడైనా కనిపిస్తే అది గట్టిదే. కానీ దాన్ని ఎవరు చెబుతున్నారు, ఎన్ని రోజులు చెబుతున్నారు అన్నది అడగడం మర్చిపోకండి.

మీలాంటివారు రావడం ఎంత అవసరమో ఒక లెక్క చెబుతాం. ఎయిమ్స్ వారు దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం తాగుడు సమస్యకు సాయం కావాల్సినవారు 5.7 కోట్లు. తాగుడుకు బానిసైనవారిలో 38 మందికి ఒకరికే ఏదో ఒక సాయం అందింది.

ప్రశ్న: నేను ఎం.బి.బి.ఎస్. డాక్టర్ని. కె.ఆర్.పురంలో క్లినిక్ ఉంది. సోమవారం పొద్దున చేతులు వణుకుతూ కట్టడం పనివాళ్లు వస్తారు. చాలామంది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వాళ్లు. బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్, గ్లూకోజు సీసా ఇచ్చి పంపిస్తున్నాను. ఇంకా ఏం నేర్చుకోవాలి?
– డాక్టరు

ముందుగా, ఆ గ్లూకోజు సీసా దగ్గర జాగ్రత్త డాక్టరుగారూ. ఏళ్ల తరబడి తాగుతూ సరిగా తినని మనిషిలో థయమిన్ (విటమిన్ బి1) నిల్వలు అడుగంటి ఉంటాయి. గ్లూకోజును వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. ఉన్న కాస్తా అయిపోతే వెర్నికీ అనే మెదడు జబ్బు వస్తుంది: తికమక, తూలుడు, కళ్లు సరిగా కదలకపోవడం. ఈ మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే, అందుకే ఒక్కటి కనిపించినా అనుమానించాలి. కాబట్టి థయమిన్ ముందు, గ్లూకోజు తర్వాత. షుగరు నిజంగా పడిపోయి ఉంటే మాత్రం ఆగకుండా రెండూ ఒకేసారి ఇవ్వండి. బక్కచిక్కి, వాంతులవుతున్నవారికి నోటి మాత్ర సరిగా ఒంటబట్టదు. వారికి 250 మిల్లీగ్రాములు కండకో నరానికో, రోజూ 3 నుంచి 5 రోజులు ఇవ్వాలి. వెర్నికీ అనుమానం ఉంటే ఆసుపత్రిలో 500 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించాలి. రోజుకు మూడుసార్లు, కనీసం రెండు మూడు రోజులు. థయమిన్ ఇచ్చినా మార్పు రాకపోతే మెగ్నీషియం చూడండి. అది తక్కువైతే థయమిన్ పనిచేయదు.

ఇక లెక్క. “రోజూ ఎంత తాగుతావు?” అంటే “కొంచెమే సార్” అంటారు. “క్వార్టరా, హాఫా? పొద్దున లేచాక మొదటి గుక్క ఎన్నింటికి? నిన్న చివరిది ఎన్నింటికి?” అని అడగండి. మన విస్కీ, బ్రాందీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, అంటే ఒక యూనిట్. క్వార్టరు 6 యూనిట్లు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి 4 యూనిట్లు. “బీరే కదా” అన్న మాట విని వదిలేయకూడదన్నది అందుకే. ఇంకొకటి, “మందు వేసుకున్నావా?” అని అడగకండి. మన భాషలో మందంటే రెండూ. రోగి ఒకటి అనుకుంటాడు, మీరింకొకటి రాసుకుంటారు. మాత్రను మాత్ర అనండి.

చివరి గుక్క తర్వాత 6–8 గంటలకు వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 12–48 గంటల మధ్య వస్తాయి. మతి తప్పి, లేనివి కనిపించే డెలీరియం 48–96 గంటల మధ్య. అంటే ఆదివారం రాత్రి తాగి సోమవారం మీ దగ్గరికి వచ్చినవాడి గండం గురువారం దాకా ఉంది. మీరు చూసేది దాని మొదటి గంటలే.

తాగుడు ఆపినప్పటి ఈ లక్షణాల తీవ్రతను కొలవడానికి సివా-ఏఆర్ స్కేలు నేర్చుకోండి. 10 అంశాలు, మొత్తం 67, వేయడానికి ఐదు నిమిషాలు చాలు. 8 లోపు తేలిక, 8–15 మధ్యరకం, 15 దాటితే ఆసుపత్రి. ఇందులో ఎక్కువ మంది చేసే తప్పు వణుకును చూపుతో అంచనా వేయడం. రెండు చేతులూ ముందుకు చాపించి, వేళ్లు విడదీయించి చూడాలి. బయటికి కనిపించకపోయినా వేలి కొనను మీ వేలితో తాకితే తెలుస్తుంది.

ఈ లక్షణాలను అణిచే మాత్రల్లో క్లోర్‌డయాజిపాక్సైడ్ 25 మిల్లీగ్రాములు, డయాజిపామ్ 10 మిల్లీగ్రాములు ఇంచుమించు సమానం. మధ్యరకం రోగికి క్లోర్‌డయాజిపాక్సైడ్ రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాములు, మూడు నాలుగు విడతలుగా మొదలుపెట్టి, రోజుకు మొదటి మోతాదులో ఐదో వంతు తగ్గిస్తూ 5–7 రోజుల్లో ఆపేస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి, ముసలివారికి లోరాజిపామ్ మేలు. ఏడో రోజు తర్వాత కొనసాగించకండి. తాగుడు పోయి మాత్ర పట్టుకుంటుంది. ఫెనిటాయిన్ ఈ ఫిట్స్‌ను ఆపదు. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ రావడం ఇంకా సులువవుతుంది.

అందరినీ ఇంటి దగ్గర చూడలేరు. పాత ఫిట్స్, పాత డెలీరియం, జ్వరం, తల దెబ్బ, గుండె జబ్బు ఉన్నవారికి ఇల్లు పనికిరాదు. ఇంట్లో తాగని పెద్దవాళ్లు ఒకరుండాలి, ఒక్కరోజు మాత్రలే వాళ్ల చేతికివ్వాలి, రోజూ మీకు చూపించాలి. రేకుల షెడ్డులో పదిమంది మధ్య పడుకునే పనివాడికి ఇవేవీ కుదరవు. అతన్ని చేర్చించడమే న్యాయం.

మహబూబ్‌నగర్ వైపు వాళ్లు వస్తారన్నారు. అక్కడి కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపే చెడ్డ అలవాటు చాలాకాలంగా ఉంది. ఆ కల్లుకు అలవాటుపడ్డ మనిషి పనికోసం బెంగళూరు వస్తాడు, ఇక్కడ అది దొరకదు. రెండు మూడు రోజుల్లో నిద్ర పోతుంది, తర్వాత ఫిట్స్, పిచ్చిమాటలు. నోట్లో వాసనుండదు, “నేను మందు ముట్టను” అన్నది నిజమే. “ఊళ్లో కల్లు తాగేవాడివా? రోజుకు ఎన్ని సీసాలు? ఎప్పుడొచ్చావు?” అన్న ప్రశ్నలే ఆ జబ్బును పట్టిస్తాయి. ఇతనికి అయిదు రోజుల లెక్క సరిపోదు. డయాజిపామ్‌కు మార్చి వారాల తరబడి నెమ్మదిగా తగ్గించాలి. సివా స్కేలు కూడా ఇక్కడ సరిగా కొలవదు. సైకియాట్రిస్టు సలహాతో చేయండి.

ప్రశ్న: ఆర్థోపెడిక్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఆపరేషన్ బాగా జరిగిన రోగి మూడో రాత్రి లేచి సెలైన్ పీకేసి గొడవ చేస్తాడు. మంచానికి కట్టేస్తాం. పొద్దున “తాగుబోతు కేసు” అని అందరూ అంటారు. దీన్ని ముందే పసిగట్టగలమా?
– నర్సు, మారతహళ్లి

పసిగట్టగలరు సిస్టర్, అదీ మీ చేతుల్లోనే ఉంది. చేరిన రోజు రాసుకునే కాగితంలో ‘చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత’ అన్న గడి పెట్టించండి. బంధువుల ముందు అడగొద్దు. “మత్తు డాక్టరుగారికి ఈ లెక్క కావాలి, తప్పు చెబితే ఆపరేషన్లో ఇబ్బంది” అంటే దాదాపు అందరూ చెబుతారు. రోజూ తాగేవాడని తెలిస్తే మొదటి మూడు రోజులు 4 గంటలకొకసారి సివా, నాడి, బీపీ, ఉష్ణోగ్రత చూడండి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్ర వేసుకునే రోగిలో నాడి పెరగదు, వణుకు కనిపించదు. అక్కడ చెమట, నిద్రలేమి, కంగారు చూసి పట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మత్తు ఇంజెక్షన్లు కూడా లక్షణాల్ని ఒకటి రెండు రోజులు వెనక్కి నెడతాయి.

మతి తప్పిన రాత్రి అది తాగుడు వల్లే అని తీర్మానించేయకండి. షుగరు, సోడియం, ఆక్సిజన్, జ్వరం చూడాలి. పడి ఎముక విరిగిన మనిషి అయితే తలలో రక్తం గడ్డ ఉందేమో డాక్టరు చూడాలి. వెల్లకిలా కట్టేస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెనుగులాటలో కండరాలు నలిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. గదిలో లైటు వేసి ఉంచడం, ఇంటివాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టడం, తెలుగు వచ్చిన సిస్టర్‌కు ఆ మంచం అప్పగించడం కట్టు తాడు కంటే బాగా పనిచేస్తాయి. కన్నడంలోనో హిందీలోనో “ఇదేం ఊరు?” అని అడిగితే తెలివున్న మనిషి కూడా తడబడతాడు, స్కోరు తప్పుతుంది.

‘తాగుబోతు కేసు’ అన్న మాట గురించి. ఆ మాట విన్న రోగి మరోసారి చేరినప్పుడు నిజం చెప్పడు. అప్పుడు పైన చెప్పిన గడి ఖాళీగా ఉంటుంది, మూడో రాత్రి మళ్లీ వస్తుంది. వార్డులో శిక్షణ పెడితే ఆ మాట మాన్పించడంతో మొదలుపెట్టండి. డెలీరియం, చికిత్స లేకపోతే ప్రాణం తీసే జబ్బు.

ప్రశ్న: రెండేళ్లుగా కౌన్సెలర్‌ని. లివర్ ఫొటోలు చూపిస్తాను, పిల్లల గురించి చెబుతాను, బతిమాలతాను. తల ఊపి వెళ్లి ఆ సాయంత్రమే తాగుతారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– కౌన్సెలర్, ఎలక్ట్రానిక్ సిటీ

మీరు మంచి మనసుతో చేస్తున్నదే అడ్డం వస్తోంది. తాగే మనిషిలో ఎప్పుడూ రెండు మాటలుంటాయి: మానాలని ఒకటి, మానలేనని ఒకటి. మానాలన్న మాట మీరు అందుకుంటే అతనికి రెండోదే మిగులుతుంది. మీరెంత గట్టిగా చెబితే అతను అంత గట్టిగా తాగుడు పక్షాన వాదిస్తాడు, లేదా తల ఊపి తప్పించుకుంటాడు. మానాలన్న మాట అతని నోటితో రావాలి. 1980ల నుంచి విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ పెంచిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి అంతా దీని చుట్టూనే.

ఉదాహరణ చూడండి. రోగి: “అందరూ తాగుతారు సార్, నేనొక్కణ్నేనా?” మామూలుగా వచ్చే జవాబు: “అందరి సంగతి మనకెందుకు, మీ లివర్ చూడండి.” అక్కడితో తలుపు మూసుకుంటుంది. ఇలా అని చూడండి: “అంతమంది తాగుతుంటే మిమ్మల్నొక్కర్నే ఇక్కడ కూర్చోబెట్టారని కష్టంగా ఉంది.” అతను కాసేపు ఆగి, “మరేంటి సార్. మేస్త్రీ కూడా పోయిన వారం పనిలోకి రావద్దన్నాడు” అంటాడు. ఆ రెండో మాటే మీకు కావాల్సింది. దాన్ని వదలకండి: “పని పోతుందేమోనని భయం మొదలైంది.” ఇవేవీ ప్రశ్నలు కావు. అతను చెప్పినదాన్ని, చెప్పకుండా వదిలినదాన్ని తిరిగి అతని ముందు పెట్టే వాక్యాలు. చివర గొంతు దించి ముగించాలి. పైకెత్తితే అదే వాక్యం నిలదీతలా వినిపిస్తుంది. తెలుగులో ‘కదా?’ తగిలించే అలవాటు మనకు ఎక్కువ. “భయంగా ఉంది కదా?” అన్నప్పుడు రోగి ఔననో కాదనో చెప్పి ఊరుకుంటాడు. ‘కదా’ తీసేయండి, మాట సాగుతుంది.

ఇంకో పనిముట్టు, 0 నుంచి 10 స్కేలు. “మానడం మీకు ఎంత ముఖ్యం?” అంటే 4 అన్నాడనుకోండి. “8 ఎందుకు కాదు?” అని అడిగితే మానకపోవడానికి కారణాలు చెబుతాడు. “2 ఎందుకు కాలేదు, 4 దాకా ఎలా వచ్చింది?” అని అడిగితే మానడానికి కారణాలు చెబుతాడు. సలహా ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా ముందు అనుమతి అడగండి: “మీలాంటి వాళ్లకు పనికొచ్చినవి రెండు ఉన్నాయి, చెప్పమంటారా?” చెప్పాక “మీకేమనిపిస్తోంది?” అని వదిలేయండి.

ఇది చదివితే రాదు. రోగి ఒప్పుకుంటే 20 నిమిషాల సంభాషణ రికార్డు చేయండి. తర్వాత కాగితం మీద రెండు గీతల వరసలు గీయండి: మీ ప్రశ్నలు ఒక వైపు, తిరిగి చెప్పిన వాక్యాలు ఇంకోవైపు. కొత్తవారికి ప్రశ్నలే ఎక్కువుంటాయి. ఒక ప్రశ్నకు రెండు తిరిగి చెప్పిన వాక్యాల దాకా రావడం లక్ష్యం. ఎవరు ఎంతసేపు మాట్లాడారో కూడా చూసుకోండి, సగం కంటే ఎక్కువ మీరే మాట్లాడితే అది ఉపదేశమే. వర్క్‌షాపు ఒక్కటే విన్నవాళ్లలో నైపుణ్యం కొద్ది నెలల్లో జారిపోతుందని, రికార్డింగు విని దిద్దేవాళ్లుంటే నిలుస్తుందని పరిశోధనల్లో తేలింది. మీ కేంద్రంలో దిద్దేవాళ్లు లేకపోతే ఇద్దరు ముగ్గురు కౌన్సెలర్లు వారానికో గంట ఒకరి రికార్డింగు ఒకరు వినండి.

సాయంత్రమే తాగుతున్నారన్నారు. మానాలన్న కోరిక వచ్చాక కూడా ‘ఎలా’ అన్నది మిగిలి ఉంటుంది. అది మరీ చిన్న వివరాల్లోకి దిగాలి. శనివారం బటవాడా ఎవరి చేతికి ఇవ్వాలి, సైటు నుంచి ఇంటికి వైన్ షాపు లేని దారి ఏది, ఆరున్నరకు ఆకలితో ఉంటే ఏం తినాలి, తోటివాడు పిలిస్తే సరిగ్గా ఏ మాట అనాలి. ఆ మాటను మీ ముందు నాలుగుసార్లు అనిపించండి. తిరిగి తాగడం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. కాబట్టి మొదటి నెల వారానికోసారైనా చూడాలి, రాకపోతే మీరే ఫోను చేయాలి.

ప్రశ్న: “కూరలో కలిపే మాత్ర ఇప్పించండి” అని భార్యలు అడుగుతారు. ఏం చెప్పాలి?
– అదే కౌన్సెలర్

వద్దని గట్టిగా చెప్పాలి. అది డైసల్ఫిరామ్. ఒంట్లో ఆల్కహాల్ పూర్తిగా కరగకుండా అసిటాల్డిహైడ్ అనే విషం దగ్గర ఆగిపోయేలా చేస్తుంది. దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడతో బీపీ పడిపోతుంది. తెలియకుండా తిన్న మనిషి మామూలుగా హాఫ్ తాగితే చనిపోవచ్చు. రోగి ఒప్పుకుని, చివరి గుక్క తర్వాత ఒక రోజు దాటాక, కాలేయం, గుండె చూసి, 250 మిల్లీగ్రాములు అతని చేతికే ఇస్తారు. ఆపేశాక కూడా ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. దగ్గు సిరప్పులు, దశమూలారిష్టం వంటి అరిష్టాలు, ఆసవాల్లో ఆల్కహాల్ ఉంటుందని కూడా చెప్పాలి. ఆ భార్యను మాత్రం ఉత్త చేతుల్తో పంపకండి. ఆవిడ కూడా మీ రోగే అనుకుని అరగంట కూర్చోబెట్టండి. ఇంట్లో కొడుతున్నాడా అన్నది విడిగా అడగండి. తాగుడు మానడానికి సాయపడే యాకాంప్రోసేట్, నాల్ట్రెక్సోన్ వంటి వేరే మాత్రలున్నాయని ఆవిడకు తెలియకపోతే, డాక్టరును కలిపించండి.

ప్రశ్న: ట్రమడాల్, టపెంటడాల్ వంటి నొప్పి మాత్రలు అలవాటైన కుర్రవాళ్లు వస్తున్నారు. చికిత్సగా బుప్రెనార్ఫిన్ మొదలుపెడితే ఒకరికి గంటలోనే మాత్ర మానినప్పటి బాధ విపరీతంగా ఎక్కువైంది. ఎందుకు?
– జూనియర్ డాక్టరు

తొందరపడ్డారు. ట్రమడాల్ లాంటివి పట్టుకునే మెదడులోని గ్రాహకాలనే బుప్రెనార్ఫిన్ గట్టిగా పట్టుకుంటుంది, కానీ పూర్తిగా పనిచేయించదు. పాత మత్తు ఇంకా కూర్చుని ఉండగా ఇస్తే దాన్ని తోసేస్తుంది, కుర్రవాడు ఒక్కసారిగా పైనుంచి కిందపడ్డట్టు అవుతాడు. చివరి డోసు తర్వాత 12–24 గంటలు ఆగాలి, ఎక్కువసేపు పనిచేసే రకాలైతే ఇంకా ఎక్కువ. గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఈ మత్తులు మానినప్పటి లక్షణాలను కొలిచే కౌస్ స్కేలులో కనీసం 8–12 వచ్చాక, కంటిపాపలు పెద్దవై, ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు కనిపించాక ఇవ్వండి. బుప్రెనార్ఫిన్-నాలోక్సోన్ 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, గంటా రెండు గంటలు చూసి మళ్లీ ఇవ్వండి. మొదటి రోజు సాధారణంగా 8 దాటరు. నాలుక కింద పూర్తిగా కరగాలి, మింగితే సగం కూడా ఒంటబట్టదు. మీ ఎదుటే కరిగించండి. డయాజిపామ్ జాతి మాత్రలు, మద్యం కలిస్తే ఊపిరి ఆగుతుంది, అవి వాడుతున్నాడేమో ముందే కనుక్కోండి. ట్రమడాల్ ఎక్కువ వేసుకునేవారిలో ఫిట్స్ కూడా వస్తాయి. నాలుగు రోజులిచ్చి ఆపేస్తే ఆ కుర్రవాడు పాత డోసుకే వెళ్తాడు. అప్పటికి ఒంటి ఓర్పు తగ్గి ఉంటుంది కాబట్టి ఆ డోసే ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ మాత్ర నెలలు, ఏళ్లు ఇవ్వాల్సిన చికిత్స అని ఇంటివాళ్లకు మొదటి రోజే చెప్పండి.

ప్రశ్న: రిహాబ్ కేంద్రంలో మేనేజర్ని. ఇంటివాళ్లు రాత్రి ఫోను చేస్తే మనుషుల్ని పంపి పట్టుకొచ్చి ఆరు నెలలు ఉంచుకోవడం వాడుక. వచ్చినవారికి గుండు కూడా చేయిస్తారు. ఇది చట్టానికి సమ్మతమేనా?
– పేరు వద్దన్నారు

కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో మానసిక జబ్బు అన్న మాటలోకే మద్యం, మత్తు వల్ల వచ్చే స్థితులు వస్తాయి. కాబట్టి మీ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగి ఇష్టపడి చేరడమే మామూలు దారి (86వ సెక్షన్). తీవ్రమైన స్థితిలో, నామినేటెడ్ రిప్రెజెంటేటివ్ (రోగి తరఫు ప్రతినిధి) అడిగితే, 89వ సెక్షన్ కింద చేర్చుకోవచ్చు. దానికి ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించాలి. గడువు 30 రోజులు. 7 రోజుల్లోగా, స్త్రీలు, మైనర్లయితే 3 రోజుల్లోగా ఆ చట్టం కింది మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి. గుండు చేయించకూడదని 20వ సెక్షన్, గొలుసుతో కట్టకూడదని 95వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నాయి. మీ సిబ్బంది అందరికీ ఈ సెక్షన్లు తెలుగులో, కన్నడంలో రాసి గోడకు పెట్టండి. రాత్రి మనుషుల్ని పంపడం ఈ రోజే ఆపండి.

పోలీసు కేసు భయంతో రానివారికి చెప్పాల్సింది ఇది: మత్తు మందులకు బానిసై, వాడకానికో చిన్న మొత్తానికో కేసు ఎదుర్కొంటున్న మనిషి ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే ఎన్.డి.పి.ఎస్. (మత్తు పదార్థాల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణ పోవచ్చు.

ప్రశ్న: మా కేంద్రంలో బాగా నడుచుకున్నవారికి రోజూ రెండు బీడీలు ఇస్తారు. తప్పా?
– వార్డు అటెండరు, యలహంక

తప్పే. ఒక వ్యసనాన్ని బహుమతిగా మారుస్తున్నారు. పొగాకు కూడా కలిపి మాన్పిస్తే తాగుడు మానడం చెడిపోతుందన్న భయానికి ఆధారం లేదు. లేచిన అరగంటలోపే బీడీ ముట్టించేవారికి నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2. బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకుని, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన పావుగంట దాకా వద్దు, పనిచేయదు.

ప్రశ్న: తాగుడు మాని పద్నాలుగు నెలలైంది. ఏ.ఏ. (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవారి సంఘం) మీటింగులకు వెళ్తాను. పదో తరగతి చదివాను. నాలాంటివాడు కౌన్సెలర్ కాగలడా?
– పాఠకుడు, హొరమావు

మీ వల్ల అయ్యే పని ఒకటుంది, ఏ ఎం.ఫిల్. చదివినవాళ్లూ చేయలేనిది. వణుకుతూ వచ్చినవాడి పక్కన కూర్చుని “నాలుగో రోజు నిద్ర పడుతుంది అన్నా, నాకూ పట్టింది” అనగలరు. కానీ దాన్నే చికిత్స అనుకోకండి. మీకు పనికొచ్చిన దారి అందరికీ పనికొస్తుందన్న నమ్మకం, మాత్రలు వేసుకునేవాణ్ని ‘నిజంగా మానలేదు’ అని చిన్నచూపు చూడడం, ఈ రెండూ ఇలాంటి సహాయకుల్లో తరచూ కనిపించే లోపాలు.

రెండేళ్లు నిండేదాకా జీతం పనికి తొందరపడొద్దని మా సలహా. అప్పటిదాకా వార్డుకు వారానికి రెండుసార్లు వాలంటీరుగా వెళ్లండి. వైద్య బృందం మిమ్మల్ని పర్యవేక్షించే చోటే వెళ్లండి. ఫిట్స్ వస్తే ఏం చేయాలి, చచ్చిపోతానంటే ఎవరికి చెప్పాలి, రోగి చెప్పిన రహస్యం ఎక్కడ దాచాలి, ఈ మూడూ ముందు నేర్చుకోండి. రోగులకు డబ్బు అప్పివ్వకండి, ఇంటికి తెచ్చుకోకండి. మీకే తాగాలనిపించిన రోజు ఎవరికి ఫోను చేయాలో ఒక పేరు రాసి జేబులో పెట్టుకోండి. దాన్ని మీ సూపర్‌వైజరుకు కూడా చూపించండి. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి-మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. మత్తు మందుల గురించైతే 14446. ఈ రెండు నంబర్లూ మీరు కలిసే ప్రతి రోగి ఫోన్లో ఎక్కించడం వాలంటీరుగా మీ మొదటి రోజు పని.